అక్షరాలకు ఒళ్ళొచ్చిన ఏడాది

మా వేపూరుపాలెంలో సంవత్సరాలను అంకెలతో ఎవరూ గుర్తుపెట్టుకోరు. రైలుగేటు దగ్గర మిరపకాయల లారీ తిరగబడి ఊరంతా తుమ్మిన ఏడాది, చెట్లన్నిటికీ పసుపు రంగు కొట్టించిన కమిషనరు గారి ఏడాది, ఆ రంగు గీకించిన కమిషనరు గారి ఏడాది, ఇట్లా చెప్పుకుంటాం. ఇప్పుడు నేను చెప్పేది అక్షరాలకు ఒళ్ళొచ్చిన ఏడాది సంగతి.

ఆ ఒళ్ళు తెప్పించినవారు కమిషనరు సుధీంద్ర గారు. మంచి మనిషే, అబద్ధం చెప్పకూడదు. ఏదో చల్లటి దేశంలో శిక్షణ పొంది వచ్చారట. వచ్చిన మర్నాడే ఊరంతా కాలినడకన తిరిగి ఉన్న బోర్డులన్నీ చదివారు. చదివి దిగులుపడ్డారు. ఆ సాయంత్రమే మీటింగు పెట్టించారు. మున్సిపాలిటీ మీటింగులకు జంతికలు వెళ్ళేది మా కొట్టు నుంచే. డబ్బా పట్టుకెళ్ళి, ఖాళీ అయ్యేదాకా గోడవారన కూర్చుంటాను కాబట్టి ఊరికి రాబోయే మంచిచెడ్డలు నాకు అందరికన్నా ముందే తెలుస్తాయి.

"ఈ పట్టణపు అక్షరాలు తీవ్రమైన నీరసంతో బాధపడుతున్నాయి," అన్నారు కమిషనరు గారు. "నీరసమైన అక్షరాన్ని చదివిన పౌరుడు నీరసంగా పన్ను చెల్లిస్తాడు. అక్షరం నవ్విననాడు పౌరుడు నవ్వుతాడు. పౌరుడు నవ్విననాడు పట్టణం అభివృద్ధి పథంలో పయనిస్తుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. హుషారుగా పన్ను కట్టినవాణ్ణి మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండలేదు కాబట్టి అదెట్లా ఉంటుందో చూడాలని నాకూ ముచ్చటేసింది.

వెంటనే అక్షర ఆహ్లాద ఉపసంఘం ఏర్పడింది. హైదరాబాదు నుంచి ఒక డిజైనరు అబ్బాయి వచ్చి, తెర మీద కొత్త అక్షరాలు వేసి చూపించాడు. వాటికి ఉల్లాస లిపి అని పేరు. ఒక్కో అక్షరం నూనెలో వేసిన బూరెలా పొంగి ఉంది. ఏ రెండూ ఒక ఎత్తున లేవు. ఒకటి గంతేస్తోంది, ఇంకొకటి వంగి పక్కదాని నడుం గిల్లుతోంది. 'అ' చూస్తే పొట్ట పట్టుకుని నవ్వే మా మేనమామే. 'ఠ' అయితే అచ్చం లడ్డూ, మధ్యలో జీడిపప్పుతో సహా. చూడగానే నాకూ నవ్వొచ్చింది. ఆ అక్షరాలు నాకు నచ్చాయి, ఈరోజుకీ నచ్చుతాయి.

ముందు పిల్లల పార్కు గేటు మీద రాయించారు. తర్వాత కుల్ఫీ బండి మీద. చదవడం రాని పిల్లలు కూడా ఆ బండి మీది రాత చూసి కుల్ఫీ కావాలని దొర్లి దొర్లి ఏడ్చారు. అక్కడితో ఆగి ఉంటే కమిషనరు గారికి మా ఊళ్ళో గుడి కట్టేవాళ్ళం. అక్షరం మీద పెట్టే గుడి కాదు, నిజం గుడే.

ఆగలేదు. రెండో మీటింగులో కమిషనరు గారు తెర దగ్గరికి వెళ్ళి 'ప' మీద వేలు పెట్టారు.

"దీని తలకట్టు అక్షరాన్ని తాకడం లేదేమిటి?"

"ప అట్లాగే ఉంటుంది సార్," అన్నాడు డిజైనరు అబ్బాయి.

"నా ఆవేదన కూడా అదే. ఒకే అక్షరంలో పైస్థాయికీ కిందిస్థాయికీ సంబంధాలు తెగిపోయి ఉన్నాయి. ఇది ప్రజలకు ఏం సందేశం ఇస్తుంది? కలపండి. ఐక్యత కనబడాలి."

కలిపారు. అక్షరాలు అసలే లావు, ఆ ఉన్న కాస్త సందూ పూడిపోయింది. చిన్నప్పుడు నాకు ఇసకలో అక్షరాలు దిద్దించిన పంతులమ్మ ఒక మాట చెప్పేది. వ తలమీద టోపీ అతుక్కుని ఉంటుంది, ప తలమీద టోపీ గాలికి లేచి ఉంటుంది, ఆ టోపీ కింద సందులోంచి చీమ దూరితే ప, దూరకపోతే వ అని. నా బడి చదువులో మిగిలింది ఆ చీమే.

పక్కన నిలబడ్డ శానిటరీ ఇనస్పెక్టరు యోహానుతో మెల్లగా అన్నాను, "ఒరే, చీమ దూరే సందు పోయిందిరా."

"ఊరుకో మామ్మా. సందులన్నీ పూడ్చెయ్యమని పోయిన మీటింగులోనే ఆర్డరయ్యింది," అని జంతిక కొరికాడు. యోహాను మా వీధి వాడే. నా చేతి జంతికలు తినే పెరిగాడు.

ఉత్తర్వు వచ్చింది. పట్టణ పరిధిలో ప్రతి బోర్డూ, ప్రతి ప్రకటనా, ప్రతి రసీదూ, ఆఖరికి ఆఫీసువాళ్ళు ఫోన్లలో పంపుకునే కబురు కూడా ఉల్లాస లిపిలోనే ఉండాలి. లేనిచో లైసెన్సు రద్దు.

శ్మశానం గేటు మీద 'అంతిమ యాత్ర' అని రాస్తే అందులో 'యా' రెండు కాళ్ళూ ఎత్తి చిందేసింది. పాడె మోస్తున్నవాళ్ళు తలెత్తి చూసి ఫక్కున నవ్వేశారు. పోయినాయన కొడుకు కూడా నవ్వి, ఆ తర్వాత నవ్వినందుకు ఏడ్చాడు. ఈ సంగతి ఉపసంఘం 'శోక నివారణ' కింద తన విజయాల్లో రాసుకుంది. పంటల బీమా ఆఫీసు 'వంటల బీమా' అయింది. మా వీధి చివర కోటేశ్వరమ్మ మాడిన పప్పుచారు గిన్నె పట్టుకెళ్ళి నష్టపరిహారం అడిగింది. ఇక్కడ అట్లాంటివి ఇవ్వం అని గుమస్తా అనలేదు. బోర్డు ప్రభుత్వానిది కదా మరి. నష్టం అంచనా వెయ్యడానికి ఇంటికొచ్చి, గిన్నె అడుగు గోటితో గీకి చూసి, "మాడినది పాక్షికమే. పూర్తిగా మాడినప్పుడు రండి," అని చెప్పి వెళ్ళాడు.

అప్పటిదాకా మేమూ అందరితోపాటు నవ్వాం. తర్వాత మా వంతు వచ్చింది.

మా కొట్టు బస్టాండు ఎదురుగా ఉంటుంది. మా అత్తగారు రత్తమ్మ పెట్టిన పొయ్యి అది. వాము దట్టంగా వేసి వత్తిన జంతికలు, బాలింతల కోసం విడి వాము, వాముపొడి, ఇవే సరుకు. బస్సు దిగినవాళ్ళు కొంటేనే మాకు గడుస్తుంది. మా అబ్బాయి పోయిన దగ్గర్నుంచీ కొట్టు నడిపేది మా కోడలు సామ్రాజ్యం. కొట్లో పొయ్యి వెలిగితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

పెయింటర్ మస్తాను వచ్చి పాత బోర్డు దించి, 'రత్తమ్మ వాము జంతికలు' అని ఉల్లాసంగా రాశాడు. నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల గోక్కున్నాడు.

"ఏందిరా మస్తానూ?" అన్నాను.

"ఏం లేదు మామ్మా. నువ్వు కళ్ళద్దాలు పెట్టుకోబాకులే."

సామ్రాజ్యం పిండి చేతులతోనే బయటికొచ్చి చదివింది. "అత్తయ్యా! పాము జంతికలంట!"

తొలి బస్సు వచ్చింది. ఒకాయన దిగి, బోర్డు చదివి, ఆశగా మా వైపు రెండడుగులు వేశాడు. ఆయన భార్య చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "కనపడిందల్లా తినాలంటావు. పాముల్ని కూడా వదలవా? నడువ్!"

ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, నాగుపాముదా, జెర్రిపోతుదా అని అడిగారు. ఒక పెద్దావిడ అయితే బోర్డు ముందు చెంపలేసుకుని, "నాగులచవితికి పుట్టలో పాలు పోస్తామే తల్లీ, మీరు వేయించుకుని తింటున్నారా!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. సామ్రాజ్యం వాము దోసిట్లో పోసి చూపించింది. ఆవిడ చూడనంది, పాముగుడ్లు అనుకుందేమో.

సాయంత్రానికి డబ్బాలు నిండుగానే ఉన్నాయి. మర్నాడూ అంతే. మూడోనాడు సామ్రాజ్యం పిండి కలపలేదు. ఖాళీ బాణలి ముందు పీట వేసుకుని కూర్చుంది. ఆ పిల్ల అట్లా కూర్చోవడం, మా అబ్బాయి పోయిన పదోరోజు తర్వాత నేను మళ్ళీ చూడటం అదే.

ఆ వారంలోనే యోహాను వచ్చాడు. అలవాటుకొద్దీ డబ్బా మూత తీసి ఒక జంతిక నోట్లో వేసుకుని, ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"మామ్మా, మీ మీద ఫిర్యాదు వచ్చింది. పాముల్ని నూనెలో వేయించి అమ్ముతున్నారంట."

"ఇప్పుడు నువ్వు నమిలేది ఏందిరా?"

"జంతిక."

"అందులో ఏముంది?"

"వాము."

"మరింకేం?"

"నోరు ఒప్పుకుంటది మామ్మా, ఉద్యోగం ఒప్పుకోదు. బోర్డు మీద ఏముంటే అదే నిజం అని సర్క్యులరు." మిగతా జంతికలు పొట్లం కట్టించుకుని పరీక్షకు పంపాడు.

పరీక్ష జవాబు వచ్చిన రోజు యోహాను దాన్ని మా కొట్టు ముందే నిలబడి చదివాడు. "పరీక్షించిన నమూనాలో పాము గానీ, పాము అవశేషములు గానీ, పాము ఛాయలు గానీ కానరాలేదు."

"అమ్మయ్య!" అంది సామ్రాజ్యం.

"ఆగక్కా, ఇంకా ఉంది. కావున, బోర్డుపై ప్రకటించిన ముఖ్య పదార్థము సరుకులో బొత్తిగా లోపించినందున, ఇది వినియోగదారుని వంచించుటగా పరిగణించడమైనది. శుక్రవారములోగా సరిదిద్దని యెడల దుకాణమునకు సీలు వేయబడును."

సామ్రాజ్యం కొంగు నడుముకి దోపింది. "అయితే పాము వెయ్యమంటారా?"

"అబ్బే, వెయ్యకూడదు. అటవీ చట్టం కింద లోపలేస్తారు."

"బోర్డు మార్చమంటారా?"

"మార్చకూడదు. ఉల్లాస ఉత్తర్వు ఉంది."

"మరేం చెయ్యమంటావు తమ్ముడూ?"

"ఏదో ఒకటి చెయ్యకుండా మాత్రం ఉండకూడదక్కా," అన్నాడు యోహాను. పాపం, ఆరోజు డబ్బా మూత తియ్యకుండానే వెళ్ళాడు.

అత్తాకోడళ్ళం కలిసి కమిషనరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. మేం చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు.

"చూడండి పెద్దమ్మగారూ. లిపిలో దోషం లేదు. దోషం పదంలో ఉంది. పాముకీ వాముకీ ఇంత దగ్గరి పోలిక ఉండటం గతంలో భాష చేసిన పొరపాటు. దానికి నా కార్యాలయం బాధ్యత వహించజాలదు. ఇదే పట్టణంలో జీలకర్ర అమ్మేవారికి ఏ ఇబ్బందీ రాలేదు, గమనించారా?"

"గమనించాం బాబూ. అయితే వాము మానేసి జీలకర్ర వెయ్యమంటారా?"

"సరుకు మీ ఇష్టం. పేరు మాత్రం మార్చుకోండి. సుగంధ బీజములు అనండి, ఎంత హుందాగా ఉంది!"

"ఆ పేరు చెబితే బస్సు దిగినోడికి ఏం అర్థమైద్ది సార్?" అంది సామ్రాజ్యం. "కడుపుబ్బరంతో వచ్చినోడు వాము అనే అడుగుతాడు. నొప్పిలో ఉన్నోడికి వేరే మాట రాదు."

"కడుపుబ్బరం పురపాలక పరిధిలోకి రాదమ్మా," అన్నారు కమిషనరు గారు, ఎంతో మర్యాదగా.

శుక్రవారం పొద్దున్నే సీలు పడింది. యోహానే వేశాడు. లక్క కరిగిస్తున్నంతసేపూ మా మొహాలు చూడలేదు.

అదే శుక్రవారం మంత్రిగారు మా ఊరు వచ్చారు. ఉల్లాస లిపిని రాష్ట్రమంతా పెట్టాలా వద్దా అని చూసిపోవడానికి. ఆయన కాళ్ళ మీద పడైనా సరే కొట్టు తెరిపించుకోవాలని సామ్రాజ్యం, తోడుగా నేను, గెస్టుహౌసు వరండాలో పొద్దున్నుంచీ పడిగాపులు కాశాం.

బస్టాండు దగ్గర పెద్ద స్వాగత ద్వారం కట్టించారు. ఒక్కో అక్షరం ఎడ్లబండి చక్రమంత. 'మాన్య మంత్రిగారికి వేపూరుపాలెం ప్రజల వేల వేల వందనాలు' అని రాయించారు. మంత్రిగారి కారు దాని కింద ఆగింది. మంత్రిగారు తలెత్తి, కూడబలుక్కుంటూ, పైకే చదివారట.

"పేల... పేల... పందనాలు?"

చదివిన తర్వాత, తనకు తెలియకుండానే, చెయ్యి తలమీదికి పోనిచ్చి గోక్కున్నారట. ఆ తర్వాత పక్కనున్న కలెక్టరు గారు గోక్కున్నారు. కారు గెస్టుహౌసు చేరేసరికి దిగినవాళ్ళందరి చేతులూ తలల మీదే ఉన్నాయి. అంతటి పెద్దలు మాకు రెండు చేతులా సలాం చేస్తున్నారేమో అనుకున్నాను.

మధ్యాహ్నం విందు గట్టిగా జరిగింది. గుత్తివంకాయ, నాటుకోడి, ఆపైన గారెలు. కాసేపటికి మంత్రిగారి కడుపు డోలులా బిగిసింది. సోఫాలో అటూ ఇటూ కదిలి, "కాస్త వాము ఉంటే చూడండయ్యా," అన్నారు. ఆయన పియ్యే గారు వెంటనే అధికారులందరి ఫోన్లకూ కబురు పెట్టారు. కబురు ఏ లిపిలో వెళ్ళాలో ఉత్తర్వు ఉండనే ఉంది.

'మంత్రిగారికి అర్జంటుగా వాము కావలెను.'

ఆ కబురు అందరికంటే ముందు అందుకున్నది అటవీశాఖ. వాళ్ళ చురుకుదనాన్ని మెచ్చుకోవాలి. జీపు దుమ్ము రేపుకుంటూ వచ్చింది. ఇద్దరు మనుషులు గోనెసంచి మోసుకుంటూ మా ముందునుంచే లోపలికి వెళ్ళారు. సంచి దానంతటది కదులుతోంది.

"సారీ సార్, ఆలస్యమైంది," అని వాళ్ళలో పెద్దాయన సెల్యూట్ కొట్టి సంచి మూతి విప్పాడు. "తాచుపాము అందుబాటులో లేదు. ప్రస్తుతానికి జెర్రిపోతు తెచ్చాం."

మంత్రిగారు సోఫా మీదికెక్కారు. ఆయన వెనక కలెక్టరు గారు. అక్కడ చోటు చాలక కమిషనరు గారు కిటికీ ఎక్కారు.

"నేనడిగింది వామయ్యా! వాము!"

"అదే సార్, మాకూ అదే వచ్చింది," అని అటవీశాఖాయన ఫోను చూపించాడు. మంత్రిగారు సోఫా మీద నిలబడే చదివారు. చదివి, కిటికీలో ఉన్న కమిషనరు గారి వైపు చూశారు. పాముకు ఇవేమీ పట్టలేదు. చల్లగా ఉందని బల్ల కిందకు చేరింది.

సామ్రాజ్యం ఎప్పుడు లోపలికి పోయిందో నేను చూడలేదు. గుమ్మంలో నిలబడి గట్టిగా అంటోంది, "వాము మా కొట్లో బస్తాడు ఉంది సార్. కొట్టుకు సీలేశారు."

"ఎందుకేశారు?"

"మా జంతికల్లో పాము లేదనండీ."

మంత్రిగారికి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి విన్నాక ఆయన, "ముందు సీలు తియ్యండి, తర్వాత అర్థం చేసుకుంటాను," అన్నారు. యోహాను పరిగెత్తి సీలు పగలగొట్టాడు. సీలు వెయ్యడం కన్నా తియ్యడంలో వాడి చెయ్యి భలే చురుకు. సామ్రాజ్యం వాము వేయించి, ఉప్పుకల్లు కలిపి ఇచ్చింది. మంత్రిగారు నమిలి, వేడినీళ్ళు తాగి, కాసేపు ఊపిరి బిగబట్టి, అప్పుడొక త్రేన్పు త్రేన్చారు. గెస్టుహౌసు అద్దాలు అదిరాయి. కమిషనరు గారు చప్పట్లు కొట్టబోయి ఆగారు.

"ఈ అమ్మాయి బోర్డు సంగతి చూడండయ్యా," అన్నారు మంత్రిగారు కారెక్కుతూ.

"తప్పకుండా సార్. లిపి గౌరవానికి భంగం కలగకుండా పరిష్కరిస్తాం."

ఉపసంఘం మళ్ళీ కూర్చుంది. జంతికలు మావే. లిపి మార్చకూడదు, బోర్డు తియ్యకూడదు, మంత్రిగారి మాట తీసెయ్యకూడదు. బాగా పొద్దుపోయాక కమిషనరు గారి మొహం వెలిగింది.

"బోర్డులో ఏమీ మార్చం. ఒక గమనిక చేరుస్తాం. పాము అన్న అనుమానం కదా? పాము లేదని ప్రభుత్వమే హామీ ఇస్తుంది."

మర్నాడు మస్తాను నిచ్చెన ఎక్కి, రత్తమ్మ వాము జంతికలు అన్న మాటల కింద, అవే లావు అక్షరాలతో రాశాడు, 'గమనిక: ఇందులో పాము లేదు.'

దిగి, వెనక్కి నడిచి, ఈసారి తల గోక్కోలేదు. నిచ్చెనకు ఆనుకుని విరగబడి నవ్వాడు.

సామ్రాజ్యం చదివింది. "వాము జంతికలు, ఇందులో వాము లేదు."

నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. "పాము జంతికలు, ఇందులో పాము లేదు."

యోహాను కొత్త నమూనా పట్టుకెళ్ళాడు. ఈసారి వచ్చిన జవాబు ఒక్క ముక్కే. బోర్డుపై ప్రకటించిన ప్రకారమే పాము లేదు, సంతృప్తికరం. లైసెన్సు ఇచ్చారు.

బస్సు దిగినవాళ్ళు బోర్డు ముందు గుంపులుగా నిలబడి వాదులాడుకోవడం మొదలుపెట్టారు. ఒకడు పాము అంటాడు, ఒకడు వాము అంటాడు. ఆ వాదం ముదిరే సమయానికి సామ్రాజ్యం బాణలిలో ఒక వాయి దింపేది. వాము వాసన గుప్పుమనేది. ఆ వాసనను ఏ లిపిలోనూ రాయనక్కర్లేదు కదా. పందెం తేల్చుకోవడానికైనా తలా ఒక పొట్లం కొనేవాళ్ళు. వారం తిరక్కుండానే మళ్ళీ రెండు పూటలా పిండి కలుపుతోంది మా కోడలు.

సుధీంద్ర గారికి ఆ ఎండాకాలం పెద్ద ఊరికి, ఇంకా పెద్ద పదవికి బదిలీ అయింది. ఆయన వెళ్ళేరోజు మున్సిపాలిటీవాళ్ళు మా కొట్టు స్తంభానికి ఒక కొస, బస్టాండు స్తంభానికి ఇంకో కొస కట్టి పెద్ద గుడ్డ వేలాడదీశారు. దాని మీద ఉల్లాసంగా ఒకటే మాట, 'వీడ్కోలు'.

యోహాను జంతిక నములుతూ తలెత్తి చదివాడు. "మామ్మా, ఇదేంది? పీడ్కోలా?"

ఊరంతా తలెత్తి చూసింది. కారులోంచి కమిషనరు గారు కూడా చూసి, చెయ్యి ఊపారు. మేమూ ఊపాం. ఎవరం ఎట్లా చదువుకున్నామో, యోహాను తప్ప ఇంకెవరమూ పైకి అనలేదు. దాని కింద గమనిక చేర్చమని మాత్రం ఎవ్వరూ అడగలేదు.